ఇంట్లో ఒకరికి నోటి క్యాన్సర్ వస్తే: మూడు తరాల పటం గీయడం, నెలకోసారి నోరు చూసుకోవడం ఎలా?

"మా నాన్నకి దవడకి వచ్చింది. మరి నాకూ వస్తుందా?"

పర్లాకిమిడిలో ఒక పళ్ల క్లినిక్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న వినపడని వారం ఉండదు. సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చేవాళ్లదీ, కాశీనగరం, గుణుపురం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లదీ ఇదే మాట. వెనకే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: "జీన్ టెస్ట్ అని ఏదో ఉందట కదా, చేయించేయమంటారా?"

నేను డాక్టర్ని కాను. కుర్చీ పక్కన నిలబడి లైటు పట్టుకునే మనిషిని. కానీ ఇన్నేళ్లలో తెలిసిందేమిటంటే, వంశం నుంచి వచ్చేది కొంత ఉన్న మాట నిజమే గానీ, డబ్బు పోసి చేయించుకునే టెస్ట్ చాలామందికి అక్కర్లేదు. దానికంటే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇంటి మూడు తరాల పటం గీయాలి. అందులో జబ్బుతో పాటు అలవాటు కూడా రాయాలి. అప్పుడే నెత్తుటితో వచ్చిందెంత, చుట్టపెట్టెతో వచ్చిందెంత అన్నది కాస్తయినా విడిపడి కనిపిస్తుంది.

కావలసినవి

- పాత క్యాలెండరు కాగితం ఒకటి (వెనకవైపు తెల్లగా ఉన్నది), పెన్సిలు, రబ్బరు, ఎర్ర పెన్ను
- నాన్న వైపు పెద్దవాళ్లు ఒకరు, అమ్మ వైపు ఒకరు. జ్ఞాపకశక్తి బాగున్న మేనత్త దొరికితే సగం పని అయినట్టే
- ఇంట్లో ఉన్న పాత ఆసుపత్రి కాగితాలు, ముఖ్యంగా బయాప్సీ (ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ
- అద్దం, ఫోన్ లైటు, శుభ్రమైన గుడ్డముక్క, పిల్లల చిన్న స్కేలు
- పటానికి ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆ తర్వాత నెలకు ఐదు నిమిషాలు

థియరీ, రెండే ముక్కల్లో

పొగాకులోని విషాన్ని శరీరం ఊరికే ఉంచుకోదు. కొన్ని ఎంజైములు ఆ విషాన్ని ముందు ఇంకాస్త ఘాటుగా మారుస్తాయి, ఇంకొన్ని దాన్ని కడిగి బయటికి పంపేస్తాయి. మొదటి రకంలో సీవైపీ1ఏ1 ఒకటి, రెండో రకంలో జీఎస్‌టీఎం1 ఒకటి. జీఎస్‌టీఎం1 జీన్ పుట్టుకతోనే పూర్తిగా లేనివాళ్లు మనలో చాలామందే ఉంటారు. వాళ్లకేమీ తెలియదు, ఆరోగ్యంగానే ఉంటారు. గుట్కా మొదలుపెట్టినప్పుడు మాత్రం కడిగేవాడు ఒకడు తక్కువవుతాడు. సారా సంగతి చూసే ఏడీహెచ్1బీ లాంటి జీన్లలోనూ, 5వ క్రోమోజోము మీద టెర్ట్ అనే జీన్ దగ్గరా ఇలాంటి తేడాలు దొరికాయి. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ముప్పును పెంచేది కొంచెమే.

2009లో పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి తల, మెడ భాగాల క్యాన్సర్ (నోటి క్యాన్సరూ ఇందులోదే) ఉంటే మిగతావాళ్లకు ముప్పు సుమారు 1.7 రెట్లు. అదే కుటుంబ చరిత్రకు పొగాకూ, మద్యమూ రెండూ తోడైతే 7 రెట్లకు చేరింది. ఈ రెండు అంకెలూ గుర్తుంటే చాలు, మిగతా థియరీ మనకు అక్కర్లేదు.

1. పటం గీయండి

మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. భార్యాభర్తల మధ్య అడ్డగీత, పిల్లలకు కిందికి గీత. పోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలుగా ఒక గీటు. క్యాన్సర్ వచ్చినవాళ్ల గుర్తును ఎర్ర పెన్నుతో నింపేయండి. డాక్టర్లు వాడేవీ ఇవే గుర్తులు కాబట్టి ఎక్కడికి పట్టుకెళ్లినా అర్థమవుతుంది.

కింది వరుసలో మీరూ మీ తోబుట్టువులూ, పైన అమ్మానాన్నలూ వాళ్ల తోబుట్టువులూ, ఆ పైన తాతలూ అమ్మమ్మా నాన్నమ్మా. మీకు పిల్లలుంటే ఇంకో వరుస కింద.

మేనరికం జరిగిన చోట భార్యాభర్తల మధ్య ఒక గీత కాదు, జంట గీతలు గీయాలి. మన ఇళ్లలో ఈ జంట గీతలు చాలానే వస్తాయి. సిగ్గుపడి దాచకండి, ఆరో మెట్టులో వాటితో పనుంది.

2. వరుసలు విడదీయండి

ఇక్కడ మన భాష ఒకవైపు సాయం చేస్తుంది, ఇంకోవైపు దెబ్బ కొడుతుంది. మేనత్త అంటే నాన్న వైపనీ, మేనమామ అంటే అమ్మ వైపనీ పిలుపులోనే తెలిసిపోతుంది. కానీ "మా అన్నకి వచ్చింది" అన్నప్పుడు ఆ అన్న ఒకే కడుపున పుట్టినవాడా, పెదనాన్న కొడుకా? సొంత అన్నకూ మీకూ ఉమ్మడిగా ఉండే జన్యువులు దాదాపు సగం. పెదనాన్న కొడుకుతో ఎనిమిదో వంతే. లెక్క పూర్తిగా మారిపోతుంది.

"మామయ్య" ఇంకా చిక్కు. మేనమామా మామయ్యే, మేనత్త భర్తా మామయ్యే, పిల్లనిచ్చిన మామా మామయ్యే. మేనమామ మీ నెత్తురు. మేనత్త భర్త, బయటి సంబంధమైతే, జన్యువుల లెక్కలోకి రాడు. వేలువిడిచిన మేనమామనైతే పటంలోకి ఎక్కించకండి, కాగితం చాలదు.

అందుకని ప్రతి గుర్తు పక్కనా పేరుతో పాటు "ఎవరి కొడుకు, ఎవరి కూతురు" అని రాయండి. పెంచుకున్న పిల్లలుంటే అదీ రాయాలి. ఇది అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగండి, అందరి ముందూ కాదు.

3. జబ్బు గురించి అడగండి, "క్యాన్సర్" అనే మాట వాడకుండా

"మన ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?" అని అడిగితే పెద్దవాళ్ల నుంచి వచ్చే జవాబు "అబ్బే, అలాంటివేం లేవు." నిజంగా వాళ్లకు ఆ పేరు చెప్పి ఉండరు. ఇలా అడగండి:

- చివర్లో తిండి దిగేదా? గంజి పోశారా, ముక్కులోంచి పైపు వేశారా?
- దవడకి గానీ నాలిక్కి గానీ మానని పుండు ఉండేదా? మెడ కింద గడ్డ?
- నోరు తెరుచుకునేదా?
- కటకం గానీ విశాఖ గానీ తీసుకెళ్లారా? కరెంటు పెట్టించారా?

"కరెంటు పెట్టించారు" అంటే రేడియేషన్. ఆ ఒక్క మాట దొరికితే సంగతి దాదాపు తేలినట్టే. "రాచపుండు" అంటే మాత్రం వెంటనే ఎర్ర పెన్ను తీయకండి. షుగరు ఉన్నవాళ్లకు వీపు మీద లేచే పెద్ద గడ్డనూ మనవాళ్లు అదే అంటారు. ఎక్కడ లేచిందో అడగండి.

ఎన్నేళ్లకు వచ్చిందన్నదీ కావాలి. పుట్టిన సంవత్సరం తెలియకపోతే "పెద్ద కూతురి పెళ్లికి ముందా, తర్వాతా" అని అడిగి లెక్క కట్టండి. ఐదేళ్లు అటూ ఇటూ అయినా పర్లేదు. 35కీ 65కీ మధ్య తేడా తెలిస్తే చాలు.

కాగితం దొరికితే నోటిమాట పక్కన పెట్టి కాగితాన్నే నమ్మండి. బయాప్సీ రిపోర్టులో "స్క్వేమస్ సెల్ కార్సినోమా" అని ఉంటుంది. నోటిలో వచ్చేవాటిలో ఎక్కువ భాగం అదే. ఫొటో తీసి పెట్టుకోండి, కాగితం చెదలు పడుతుంది.

4. ప్రతి పేరు పక్కనా అలవాటు రాయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఏం వాడేవారు, రోజుకెన్ని, ఎన్నేళ్లు. జబ్బు వచ్చినవాళ్లకే కాదు, రానివాళ్లకూ రాయాలి. లేకపోతే పోల్చడానికేమీ ఉండదు.

మన ప్రాంతంలో అడగాల్సిన జాబితా ఇది: చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, ఒట్టి వక్క, గుడాఖు, నాటుసారా. అడ్డపొగ వేరే అడగాలి. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఆ అలవాటు ఇటు గంజాం నుంచి అటు శ్రీకాకుళం, విశాఖ తీరం దాకా ముసలమ్మల్లో ఇప్పటికీ ఉంది. మామూలు చుట్ట కంటే అంగిలికి చాలా చేటు. ఇతర చోట్ల అంగిలి మీద అరుదుగా వచ్చే క్యాన్సర్ ఈ అలవాటు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

నా తప్పు చెబుతాను. మా ఇంటి పటం మొదటిసారి గీసినప్పుడు ఆడవాళ్ల పేర్ల పక్కన వరసగా "అలవాటు లేదు" అని రాసుకుంటూ పోయాను. మా నాన్నమ్మకు అంగిలి మీద పుండు లేచి 61 ఏళ్లకు పోయింది. ఏ అలవాటూ లేకుండా వచ్చిందంటే వంశంలోనే ఉందన్నమాట అని రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మా పెద్దత్త వచ్చి పటం చూసి నవ్వింది. "మీ నాన్నమ్మకి అడ్డపొగ లేకపోతే పొద్దు గడిచేది కాదే. వీధి తలుపు వేసుకుని పెరట్లో కాల్చేది. పొద్దున పళ్లకి గుడాఖు, అది వేరే." ఒక్క వాక్యంతో పటం అర్థమే మారిపోయింది.

గుడాఖు సంగతి ఇంకో మాట. పళ్లపొడి అనుకుని దాన్ని అలవాట్లలో చెప్పరు. పొగాకును బెల్లం పాకంతో కలిపి చేసిందది. "పళ్లు దేనితో తోముతారు?" అని విడిగా అడగండి.

"మేము తంబాకు వేసుకోం, వక్క ఒక్కటే" అనేవాళ్లూ ఉంటారు. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. నోరు బిగుసుకుపోయే జబ్బుకు మూలం కూడా వక్కే. పెళ్లి తాంబూలంలో ఒక పలుకు నమిలినంత మాత్రాన రాయక్కర్లేదు. రోజూ జేబులో పొట్లం ఉంటే రాయాలి.

5. పటాన్ని చదవండి

మామూలుగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది: ఎర్ర గుర్తులున్న ప్రతి చోటా గట్టి అలవాటు ఉంది, వయసు 50 దాటింది. ఎక్కువ ఇళ్లు ఇలాగే ఉంటాయి. ఇక్కడ ఇంట్లో చేతులు మారింది ముఖ్యంగా అలవాటే. జన్యువుల వాటా ఉండొచ్చు గానీ, ఏ టెస్టూ మీరు చేయాల్సిన పనిని మార్చదు. అలవాటు మానాలి, నోరు చూసుకోవాలి.

రెండోది: ఒకే కడుపున పుట్టినవాళ్లలో ఇద్దరు ముగ్గురికి, లేదా తండ్రికీ కొడుక్కీ వచ్చింది. అలవాటు ఉంది గానీ ఊళ్లో తోటివాళ్లకంటే తక్కువ. లేదా అందరికంటే పదేళ్లు ముందే వచ్చింది. ఇక్కడ నెత్తుటి వాటా కాస్త ఎక్కువని అనుమానించాలి. తోబుట్టువులందరూ నెలనెలా నోరు చూసుకోవాలి, ఏడాదికోసారి పళ్ల డాక్టరుకు చూపించాలి. ఏ అలవాటైనా "కొంచెమే కదా" అనే వీలు ఈ ఇంటికి లేదు.

మూడోది: ఏ అలవాటూ లేనివాళ్లకు, 40 లోపే వచ్చింది. ఇది అరుదు. కనిపిస్తే తర్వాతి మెట్టు మీకోసమే.

పటం ముందు పెట్టుకోగానే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే మాట ఉంది: "మా తాత తొంభై ఏళ్లదాకా చుట్ట కాల్చాడు, దగ్గు కూడా రాలేదు." రాలేదు, నిజమే. తాత జన్యువుల్లో మీకొచ్చింది సుమారు పావు వంతు. ఆయన్ని కాచింది ఏదైనా ఉంటే అది ఆ పావులోనే ఉందో, మిగిలిన ముప్పావులో ఉండిపోయిందో ఎవరు చెప్పగలరు?

6. జీన్ టెస్ట్ ఎవరికి?

ఉమ్మి డబ్బాలో పోసి పంపితే ముప్పు చెబుతామనే కిట్ల జోలికి పోకండి. జీఎస్‌టీఎం1 ఉందా లేదా అని తెలిసినంత మాత్రాన ఏ డాక్టరూ మందు మార్చడు. "మీకు రిస్కు తక్కువ" అని వస్తే ఇంకా ప్రమాదం, కిళ్లీ కొట్టుకు లైసెన్సు ఇచ్చినట్టవుతుంది.

రాయగడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకోటి అడుగుతారు: "మాకు సికిల్ సెల్ కార్డు ఇచ్చారు కదా, జీన్ టెస్ట్ అయిపోయినట్టేనా?" కాదు. అది రక్తానికి సంబంధించిన వేరే జబ్బు పరీక్ష. నోటి క్యాన్సర్ గురించి అందులో ఏమీ ఉండదు.

టెస్ట్ నిజంగా అవసరమయ్యేది కొన్ని అరుదైన పుట్టు జబ్బుల్లో. పటంలో గానీ ఇంట్లో గానీ ఇవి ఉన్నాయా చూడండి:

- పొట్టిగా ఉండటం, బొటనవేలు చిన్నగా, వంకరగా ఉండటం లేదా అసలు లేకపోవడం, ఒంటి మీద కాఫీరంగు మచ్చలు, చిన్నప్పటి నుంచే రక్తం పట్టకపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. ఇది ఫాంకోని అనీమియా కావచ్చు. వీళ్లలో నోటి క్యాన్సర్ ముప్పు వందల రెట్లు, అదీ ఇరవై ముప్పై ఏళ్లకే, పొగాకు ముట్టకపోయినా.
- గోళ్లు గీతలుపడి చితికిపోవడం, మెడ మీద చర్మం వలలా నల్లబడటం, పొగాకు లేకుండానే నాలుక మీద తెల్లమచ్చలు. ఇది డిస్కెరటోసిస్ కంజెనిటా కావచ్చు.
- పసితనం నుంచీ ఎండ తగిలితే కమిలిపోయి మచ్చలు పడటం. జీరోడెర్మా పిగ్మెంటోజం. దీనిలో నాలుక కొసకూ పెదవికీ క్యాన్సర్ రావచ్చు.

మొదటిదీ మూడోదీ తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యువుకు రెండు చెడ్డ ప్రతులు వస్తేనే వస్తాయి (ఫాంకోనిలో అరుదుగా వేరే దారులూ ఉన్నాయి). జంట గీతలు గీయమన్నది ఇందుకే. మేనరికంలో ఒకే ప్రతి రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ. అమ్మానాన్నలిద్దరూ ఆ ప్రతి మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ జబ్బుకు నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతివాళ్లకు రాదనే లెక్క తప్పు.

ఫాంకోనికి మొదటి పరీక్ష జీన్ చదవడం కాదు. రక్తం తీసి, ఒక రసాయనం కలిపి, క్రోమోజోములు ఎంతగా విరుగుతున్నాయో చూస్తారు. పెద్ద ఆసుపత్రిలో రక్తవ్యాధుల డాక్టరో, జెనెటిక్స్ డాక్టరో రాయాలి. హెచ్చరిక: ఫాంకోని ఉన్నవాళ్లు మామూలు మోతాదు రేడియేషన్‌నీ, కొన్ని కీమో మందుల్నీ తట్టుకోలేరు. చిన్న వయసులో, అలవాటు లేకుండా నోటి క్యాన్సర్ వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే, చికిత్స మొదలుపెట్టకముందే ఈ అనుమానం డాక్టరు చెవిన వేయండి.

7. నెలకోసారి నోరు చూసుకోండి

తేదీ ఒకటి పెట్టుకోండి. ఒకటో తారీఖు బాగా గుర్తుంటుంది. కట్టుడు పళ్లుంటే తీసేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, నీళ్లు పుక్కిలించండి. కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని, ఫోన్ లైటు ఇంకొకరిని పట్టుకోమనండి. ఇద్దరుంటే పని తేలిక.

పెదవులతో మొదలుపెట్టండి. పై పెదవి ఎత్తి, కింది పెదవి దించి లోపలివైపు చూడండి. తర్వాత బొటనవేలు లోపలా చూపుడువేలు బయటా పెట్టి బుగ్గను పక్కకి లాగండి, వెనక దంతం దాకా లైటు పడాలి. ఖైనీ, గుట్కా నొక్కి పెట్టుకునేవాళ్లు ఆ పెట్టుకునే చోటే ఇంకోసారి చూడాలి. నాలుకను గుడ్డతో పట్టుకుని ఎడమకు లాగి కుడి అంచు, కుడికి లాగి ఎడమ అంచు. పైభాగం చూసి వదిలేస్తే లాభం లేదు, నాలుకకు తరచూ వచ్చేది అంచులకే. నాలుక పైకి మడిచి కింద గుంట. తల వెనక్కి వాల్చి అంగిలి. అడ్డపొగ ఉన్నవాళ్లకు ఇక్కడే ఆగి చూడాలి: అంగిలి తెల్లగా మందంగా అయి మధ్యమధ్య ఎర్ర చుక్కలుంటే మార్పు మొదలైనట్టు. ఆఖరున దవడ కింద, మెడ రెండువైపులా వేళ్లతో నొక్కుతూ రండి.

వెతకాల్సినవి: గుడ్డతో తుడిచినా పోని తెల్లమచ్చ, మఖమల్‌లా ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, గట్టి బిళ్ల, కారణం లేకుండా కదులుతున్న పన్ను, తిమ్మిరి, కారం తగలగానే భగ్గుమనే మంట. తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చను ఎక్కువ అనుమానించాలి. మొదట్లో నొప్పి ఉండదు. "నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం" అన్న మాట కుర్చీ పక్కన నిలబడి ఎన్నిసార్లు విన్నానో.

భయపడక్కర్లేనివి కూడా తెలియాలి, లేకపోతే మొదటి నెలే టెన్షన్‌తో పరుగెత్తుతారు. నాలుక బాగా వెనక వరసగా ఉండే పెద్ద గుండ్రటి బొడిపెలు అందరికీ ఉంటాయి. బుగ్గ లోపల పళ్లు కలిసే ఎత్తులో సన్నటి తెల్లగీత, పసుపు రవ్వల్లాంటి చుక్కలు, నాలుక కింద నీలి నరాలు, అంగిలి మధ్యలో ఏళ్ల తరబడి ఉన్న ఎముక గడ్డ, ఇవన్నీ మామూలే. రెండువైపులా ఒకేలా ఉంటే చాలావరకు మామూలేననుకోవచ్చు. ఒకవైపే ఉండి, పోయిన నెల లేనిదైతే చూపించాలి.

8. నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవండి

మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పట్టాలి. రెండే పడితే నోరు బిగుస్తోందని అర్థం, ముఖ్యంగా వక్క, గుట్కా వాడేవాళ్లలో. వేళ్లు లావుగా ఉండేవాళ్లు స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో రాసుకోండి. ఒకరోజు అంకె కంటే నెలనెలా ఎటు పోతోందన్నది ముఖ్యం. పానీపూరీ ఒక్క నోట పట్టడం లేదని నవ్వుకుంటూ చెప్పిన కుర్రాడికి మేం కొలిస్తే 24 వచ్చింది. పెద్దవాళ్లకు మామూలుగా 35 పైనే ఉండాలి.

9. ఏదైనా కనిపిస్తే

తేదీ రాసి, ఫొటో తీయండి. వాడిగా విరిగిన పన్ను గీసుకుంటుంటే దాన్ని సరిచేయించండి. సరిచేయించినా, చేయించకపోయినా రెండు వారాలకు మించి ఆగొద్దు. ఈ మధ్యలో పటిక, పసుపు, సున్నం రాయకండి. మచ్చ రూపు మారిపోతుంది, చూసేవాళ్లకు తెలియదు.

30 ఏళ్లు దాటినవాళ్లకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో నోరు ఉచితంగా చూస్తారు. టార్చ్‌తో చూస్తే ఏం తెలుస్తుందనుకోకండి. కేరళలో తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు అలా చూస్తూ పోతేనే, పొగాకు, మద్యం వాడేవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. ఒడియా అంతగా రానివాళ్లు "పాటిరే ఘా" అంటే చాలు, నోట్లో పుండని వాళ్లకు అర్థమవుతుంది. ఆపైన బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కటకంలో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి, ఇటు విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

ముక్క తీస్తే పాకిపోతుందని బయాప్సీకి ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాకదు. ముక్క తీయకుండా గడిచే నెలల్లోనే అది పెరుగుతుంది.

మానేద్దామని ఉండి మానలేకపోతే 1800-11-2356కి ఫోన్ చేయండి. పొగాకు మాన్పించే ఈ జాతీయ నంబరుకు డబ్బులు పడవు.

సరిగ్గా చేశామా?

పటం పూర్తయ్యాక ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా చదవమనండి. ఎవరికి, ఎక్కడ, ఎన్నేళ్లకు, ఏ అలవాటుతో వచ్చిందో మీ సాయం లేకుండా చెప్పగలగాలి. ఆడవాళ్ల పేర్లన్నిటి పక్కనా "లేదు" అని ఉంటే మళ్లీ అడగండి. నాన్న వైపు నిండుగా, అమ్మ వైపు ఖాళీగా ఉంటే ఆ వైపు జబ్బు లేదని కాదు, మీరు ఫోన్ చేయలేదని. నోరు చూసుకోవడం మీకు వచ్చిందా లేదా తెలియాలంటే, మీ నాలుక కింద నరాలు, వెనక బొడిపెలు, బుగ్గమీది తెల్లగీత మూడూ మీకు కనిపించి ఉండాలి. మూడిట్లో ఒకటి కనిపించలేదంటే లైటు చాలలేదు.

చివరగా పటాన్ని ఫొటో తీసి, సూరత్ మిల్లుల్లోనో హైదరాబాదులోనో ఉన్న తమ్ముడికి పంపండి. అతని గుర్తు పక్కన అలవాటు మీరు రాయకండి. ఖాళీగా పంపి అతన్నే నింపి పంపమనండి. మా తమ్ముడు మూడు వారాలు తీసుకుని "రోజుకి ఆరు పొట్లాలు" అని పంపాడు. ఇంట్లో మేమందరం రెండే అనుకున్నాం.